నదికి ఆ గట్టున ఓటు, ఈ గట్టున అర్జీ: బ్రిటిష్ సంస్కరణల మంచిచెడ్డలు పాలమూరు నుంచి చూస్తే

ఈ ఎపిసోడ్‌లో 1861 నుంచి 1935 దాకా బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన రాజ్యాంగ సంస్కరణల గురించి మాట్లాడుకుందాం. గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు ఈ టాపిక్ కొట్టిన పిండి. మింటో-మార్లే, మాంటేగు-చెమ్స్‌ఫర్డ్, ద్వంద్వ పాలన, రాష్ట్ర స్వయంప్రతిపత్తి... ఈ పేర్లన్నీ నోటికి వస్తాయి. లాభాలు ఐదు, నష్టాలు ఐదు బట్టీ పట్టి రాసేస్తాం. కానీ ఆ చట్టాలు ఒక మనిషి బతుకులో ఏం మార్చాయి, ఏం మార్చలేదు అని ఎవరైనా అడిగితే చాలామంది ఆగిపోతారు. అందుకే ఈ కథను నేను ఢిల్లీ నుంచో లండన్ నుంచో చెప్పను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చెప్తాను.

మీ ఫోన్లో మ్యాప్ తెరిచి ఆలంపూర్ దగ్గరికి రండి. తుంగభద్రకు ఈ పక్క ఆలంపూర్, దాటితే ఆ పక్క కర్నూలు. ఇప్పుడైతే బండి మీద వెళ్ళి సినిమా చూసి వచ్చేంత దూరం. ఇంకొంచెం తూర్పుకు జరిగితే కొల్లాపూర్ దగ్గర సోమశిల, కృష్ణ దాటితే మళ్ళీ పాత కర్నూలు జిల్లానే. రెండు గట్ల మీదా తెలుగే, చుట్టరికాలూ ఉన్నాయి, పంటలూ దాదాపు అవే. కానీ 1920 నవంబర్‌లో ఆ గట్టు మీద ఎన్నికలు జరిగాయి. కర్నూలు జిల్లాలో కొంత ఆస్తి ఉండి శిస్తు కట్టే రైతు మద్రాసు శాసనమండలికి ఓటేయొచ్చు. ఈ గట్టు మీద ఆలంపూర్ రైతుకు, గద్వాల రైతుకు, వనపర్తి రైతుకు, ఎంత భూమి ఉన్నా, ఎంత శిస్తు కట్టినా, ఓటు లేదు. ఓటు వేయడానికి సభే లేదు. మధ్యలో ఉన్నదల్లా ఒక నది.

ఈ గీత ఎలా పడింది? 1800లో నిజాం బ్రిటిష్ వాళ్ళతో ఒప్పందం చేసుకుని తుంగభద్రకు దక్షిణాన తన చేతిలో ఉన్న జిల్లాలు వాళ్ళకు ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. కర్నూలు నవాబు రాజ్యాన్ని 1839లో కంపెనీ నేరుగా తీసేసుకుంది. దాంతో నదికి దక్షిణ గట్టు బ్రిటిష్ ఇండియా, ఉత్తర గట్టు నిజాం రాజ్యం. గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. నాగర్‌కర్నూల్ ఒకప్పుడు జిల్లా కేంద్రం, తర్వాత ఆ హోదా మహబూబ్‌నగర్‌కు పోయింది.

ఈ గట్టు మీద కూడా అందరిదీ ఒకే పరిస్థితి కాదు. నాగర్‌కర్నూల్ ప్రాంతం దివానీ, అంటే నిజాం ప్రభుత్వ అధికారులు నేరుగా శిస్తు వసూలు చేసే ప్రాంతం. గద్వాల, వనపర్తి సంస్థానాలు. పక్కనే జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట కూడా అలాంటివే. సంస్థానాధీశులు నిజాంకు ఏటా పేష్కష్ కట్టి, తమ ఏలుబడిలో శిస్తు తామే వసూలు చేసుకునేవాళ్ళు. అంటే వనపర్తి ఊళ్ళో ఒక రైతు మీద మూడంతస్తుల పాలన ఉందన్నమాట. మొదట సంస్థానం, దాని మీద నిజాం, ఆయన మీద హైదరాబాద్ కోఠీలో కూర్చున్న బ్రిటిష్ రెసిడెంటు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ రైతును "నీకేం కావాలి?" అని అడగాల్సిన అవసరం లేదు. ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే, అర్జీ. చేతులు కట్టుకుని నిలబడి ఇచ్చుకునే అర్జీ.

ఇప్పుడు ఆ గట్టుకు వెళ్దాం. అక్కడ సంస్కరణలు ఎలా వచ్చాయో త్వరగా చూద్దాం. 1861 చట్టంతో గవర్నర్ జనరల్ సభలోకి, మద్రాసు, బొంబాయి సభల్లోకి కొందరు భారతీయులను నామినేట్ చేయడం మొదలైంది. వాళ్ళు ప్రశ్నలు అడగకూడదు, బడ్జెట్ ముట్టుకోకూడదు. 1892లో బడ్జెట్ మీద మాట్లాడనిచ్చారు, ప్రశ్న అడగనిచ్చారు, కానీ ఓటింగు లేదు. 1909లో మింటో-మార్లే సంస్కరణలు. ఎన్నిక అనే పద్ధతిని చట్టం ఒప్పుకుంది, అనుబంధ ప్రశ్న వేసే వీలు వచ్చింది. దాంతోపాటే ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలూ వచ్చాయి. 1919లో ద్వంద్వ పాలన. 1935లో రాష్ట్రాల్లో పూర్తి మంత్రివర్గాలు.

అరవై, డెబ్బై ఏళ్ళలో మెట్టు మెట్టుగా వచ్చాయి కదా, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అయితే ఏ సంస్కరణనైనా తూచడానికి నేను మూడు ప్రశ్నలు వాడతాను. మీరూ రాసిపెట్టుకోండి. ఒకటి, ఓటు ఎవరికి ఉంది? రెండు, ఖజానా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? మూడు, మాట వినని పాలకుడిని జనం దించగలరా?

మొదటి ప్రశ్న. 1920లో మద్రాసు రాష్ట్రంలో నాలుగు కోట్ల జనాభా ఉంటే ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. నూటికి ముగ్గురు. ఆ ముగ్గురిలో కూడా కూలీ లేడు, కౌలు రైతు దాదాపు లేడు. కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది కాబట్టి ఓటున్నవాళ్ళలో కూడా నాలుగింట ఒక వంతు మందే వచ్చి వేశారు. 132 మంది సభ్యుల్లో 98 మంది ఎన్నికైనవాళ్ళు. జస్టిస్ పార్టీ గెలిచింది. మన కాళహస్తి ప్రాంతానికి చెందిన పానగల్ రాజా, అసలు పేరు పానగంటి రామరాయణింగారు, 1921లో ముఖ్యమంత్రి హోదాలో కూర్చున్నారు.

నూటికి మూడు అంటే నవ్వొస్తుంది. కానీ ఆ మూడుతో జరిగిన పనులు చూడండి. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానం చేసింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మద్రాసే. ఆ ఏడాదే ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా ఉండాలని కమ్యూనల్ జీఓ వచ్చింది. మన రిజర్వేషన్ల చరిత్రలో అదొక మైలురాయి. 1926లో అదే సభ చేసిన చట్టంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి సంగతి చూడండి. కర్నూలు మనిషి. పత్రికలో రాసిన రాతకు 1908లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. అదే మనిషి 1920ల చివర్లో మద్రాసు శాసనమండలి సభ్యుడిగా కూర్చున్నారు. జైల్లో వేసిన ప్రభుత్వాన్నే సభలో నిలదీసే స్థానంలోకి వచ్చారన్నమాట. ఈ మార్పును చిన్నదని నేను అనను.

రెండో ప్రశ్న, తాళంచెవి. 1919 చట్టం పనులను రెండుగా చీల్చింది. చదువు, ఆరోగ్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, అబ్కారీ లాంటివి భారతీయ మంత్రులకు. ఆర్థికం, పోలీసు, భూమిశిస్తు, నీటిపారుదల గవర్నర్ మనుషులకు. ఒక ఇంట్లో వంట బాధ్యత కోడలికి ఇచ్చి, బియ్యం గది తాళం అత్తగారు కొంగున కట్టుకున్నట్టు ఉంటుంది ఇది. బడి కట్టాలంటే మంత్రి ఆర్థిక శాఖ ముందు నిలబడాలి. ఇంకో తమాషా ఏంటంటే, మంత్రుల చేతిలో ఉన్న పెద్ద ఆదాయం అబ్కారీ, అంటే కల్లు, సారా మీద వచ్చే డబ్బు. మద్యం మాన్పించాలంటే బడి డబ్బులు పోతాయి, బడి నడపాలంటే మద్యం పారాలి. ఇది విన్నప్పుడు ఇప్పటి మన ప్రభుత్వాలు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. దించగలమా? దీనికి జవాబు చట్టం చదివితే దొరకదు, ఆ చట్టానికి పరీక్ష వచ్చిన రోజు ఏం జరిగిందో చూడాలి. ప్రతి సంస్కరణకూ అలాంటి ఒక రోజు వచ్చింది.

1909 సంస్కరణలకు ఆ పరీక్ష 1919 మార్చిలో వచ్చింది. విచారణ లేకుండా మనిషిని లోపల వేసే రౌలట్ చట్టం కేంద్ర సభ ముందుకు వచ్చింది. ఎన్నికైన భారతీయ సభ్యులు ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. అయినా పాసైంది. ఎందుకంటే ఆ సభలో అధికారులదే మెజారిటీ. మన వాళ్ళు మాట్లాడొచ్చు, ఆపలేరు.

1919 సంస్కరణలకు 1923లో వచ్చింది. ఉప్పు పన్ను రెట్టింపు చేస్తామని ప్రభుత్వం అంటే, ఎన్నికైన సభ్యులు ఎక్కువగా ఉన్న కేంద్ర శాసనసభ కుదరదని కొట్టేసింది. వైస్రాయ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో సంతకం పెట్టి అమలు చేసేశాడు. సభ వద్దన్న పన్నును పేదవాడు కట్టాడు.

1935 చట్టానికి 1939 సెప్టెంబర్ 3న వచ్చింది. అప్పటికి మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రెండేళ్ళుగా నడుస్తోంది. 1937 ఎన్నికల్లో 215 సీట్లకు కాంగ్రెస్ 159 గెలిచింది. టంగుటూరి ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. అప్పుల్లో కూరుకుపోయిన రైతులకు 1938లో రుణ ఉపశమన చట్టం తెచ్చారు. జమీందారీ సమస్య మీద ప్రకాశం గారి కమిటీ ఊరూరా తిరిగి విచారించింది. దళితులకు 30 సీట్లు రిజర్వు అయ్యాయి. పని జరుగుతోంది. అలాంటి సమయంలో వైస్రాయ్ ఒక్క మంత్రివర్గాన్నీ అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అక్టోబర్‌లో మంత్రులు రాజీనామా చేశారు. 93వ సెక్షన్ కింద గవర్నర్ పాలన వచ్చి 1946 దాకా ఆయనే ఏలాడు. ఆరేళ్ళకు పైగా! కర్నూలు రైతు ఓటు పెట్టెలోనే ఉండిపోయింది.

మూడు పరీక్షల్లోనూ మాట మనది, ఆఖరి మాట వాళ్ళది. సంస్కరణల బలహీనత అంతా ఇందులోనే ఉంది. సభను ఇచ్చారు, అధికారాన్ని ఇవ్వలేదు.

"అయితే ఆ సంస్కరణలు ఉత్త నాటకమేనా?" అని మీరు అడగొచ్చు. చాలామంది అలాగే అంటారు. నెహ్రూ కూడా 1935 చట్టాన్ని బానిసత్వపు పత్రం అన్నారు. దీనికి జవాబు కావాలంటే మళ్ళీ నది దాటి మన గట్టుకు రావాలి. ఒక వస్తువు విలువ అది లేని చోటే బాగా తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో అసలేమీ లేదని చెప్పడం అన్యాయం. 1893లోనే హైదరాబాద్‌లో ఒక శాసన సభ ఏర్పడింది, కానీ దాంట్లో ఎక్కువమంది అధికారులు, నామినేట్ అయినవాళ్ళే. 1919లో సర్ అలీ ఇమామ్ అధ్యక్షుడిగా కార్యనిర్వాహక మండలి వచ్చింది. 1920ల మొదట్లోనే ఇక్కడ న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరు చేశారు. బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెస్ దశాబ్దాలుగా అడుగుతున్న పని అది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. గద్వాల సంస్థానం కవులకు పట్టిన పీటకు "విద్వద్గద్వాల" అని పేరొచ్చింది. ఇవన్నీ నిజమే. కానీ వీటిలో ఏదీ జనం అడిగి సాధించుకున్నది కాదు, ఇష్టమొచ్చి ఇచ్చింది. ఉస్మానియాలో చదువు ఉర్దూలో. రాజ్యంలో తెలుగువాళ్ళే ఎక్కువమంది అయినా, "మా భాషలో చెప్పండి" అని ఓటు వేసి అడిగే చోటు లేదు. దయగల రాజు ఉంటే చెరువు బాగుపడుతుంది. ఆయన తర్వాత వచ్చినవాడికి దయ లేకపోతే? దయకు వారసత్వం గ్యారంటీ ఉండదు.

జనం కూడి మాట్లాడుకోవడమే ఇక్కడ కష్టం. గస్తీ నిషాన్ 53 అనే సర్క్యులర్ ఉండేది. ముందుగా అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టకూడదు. ఆ గట్టున సభలో నిలబడి మంత్రిని ప్రశ్నిస్తున్న రోజుల్లో, ఈ గట్టున సభ పెట్టుకోవడానికే అర్జీ పెట్టుకోవాలి. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది.

ఇక్కడ మన నడిగడ్డ మనిషి కథలోకి వస్తారు. సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. చదువు కోసం నది దాటి కర్నూలు, ఆపైన మద్రాసు వెళ్ళారు. అంటే రెండు గట్లూ కళ్ళారా చూసినవాడు. న్యాయవాది. 1926 మే 10న హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ మొదటి మహాసభల తీర్మానాలు చూస్తే బడులు, గ్రంథాలయాలు, స్త్రీ విద్య, బాల్య వివాహాలు, వెట్టిచాకిరి, ఇలాంటి విషయాలే కనిపిస్తాయి. "మాకు ప్రభుత్వంలో వాటా కావాలి" అని సూటిగా అనే వీలు లేదు కాబట్టి, "మాకు బడి కావాలి" అన్నారు. బడి అంటే బడి మాత్రమే కాదని అడిగేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు.

ఇప్పుడు ఒక తేదీ గమనించండి. 1937 జులై 14న మద్రాసులో రాజాజీ ప్రమాణం చేశారు. ఆ సెప్టెంబర్‌లోనే హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన రాజ్యాంగ సంస్కరణల కమిటీ వేసింది. రెండు నెలల తేడా. ఇది కాకతాళీయం అని నేను అనుకోను. మూడు దిక్కులా పక్క రాష్ట్రాల్లో మంత్రివర్గాలు ఏర్పడుతుంటే, మధ్యలో ఉన్న హైదరాబాద్ ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? బ్రిటిష్ సంస్కరణల బలం గురించి పుస్తకాల్లో పెద్దగా రాయని మాట ఇది. అవి అమలైన చోట ఎంత మేలు చేశాయో గానీ, అమలు కాని చోట "మాకెందుకు లేదు?" అనే ప్రశ్న పుట్టించాయి. పక్కింట్లో దీపం వెలిగితే మనింట్లో చీకటి కనిపిస్తుంది కదా.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం నీరుగారిపోయింది. 1938 సెప్టెంబర్‌లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. ఆ ఏడాది చివర్లో సత్యాగ్రహాలు, ఉస్మానియాలో వందేమాతరం ఉద్యమం జరిగాయి. 1939 జులైలో సంస్కరణలు ప్రకటించారు. 85 మంది సభ, అందులో 42 మందికే ఎన్నిక. సగానికి ఒకటి తక్కువ పడేలా చూసుకున్నారు! ఆ 42 మందినీ ఊరి జనం ఎన్నుకోరు. జాగీర్దార్లు, వ్యాపారులు, వకీళ్ళు, పట్టభద్రులు, ఇలా వృత్తుల వారీగా పంచారు. మంత్రులు సభకు జవాబుదారీ కాదు, నిజాంకే. ఒప్పుకోవాలా వద్దా అని ఆంధ్ర మహాసభలో పెద్ద చీలికే వచ్చింది. దొరికినంత తీసుకుందామని పెద్దలు కొందరు, ఇది వద్దే వద్దని యువకులు. యుద్ధం వచ్చి అది కూడా మూలన పడింది. 1946లో కొంత మార్చి అమలు చేయబోతే స్టేట్ కాంగ్రెస్, ఆంధ్ర మహాసభ బహిష్కరించాయి.

మొత్తం సంస్కరణల కథలో నా దృష్టిలో అతి పెద్ద లోపం ఇంకొకటి ఉంది. పరీక్షల్లో దీన్ని "సమాఖ్య అమల్లోకి రాలేదు" అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తాం. 1935 చట్టం బ్రిటిష్ రాష్ట్రాలను, సంస్థానాలను కలిపి ఒక సమాఖ్య చేస్తామంది. అందులో కింది సభకు 375 సీట్లు. 250 బ్రిటిష్ ఇండియాకు, 125 సంస్థానాలకు. హైదరాబాద్‌కు 16. వినడానికి బాగుంది. కానీ ఆ 16 మందిని ఎవరు పంపుతారు? జనం కాదు, నిజాం. అంటే వనపర్తి రైతు పేరు మీద ఢిల్లీలో కూర్చునేది నిజాం నామినేట్ చేసిన మనిషి. పైగా ఆ మనిషి ఓటు కర్నూలు నుంచి గెలిచి వెళ్ళే ప్రతినిధి ఓటును రద్దు చేయగలదు. ఈ గట్టు జనం నోరు నొక్కడమే కాదు, వాళ్ళ పేరు చెప్పి ఆ గట్టు జనం నోరూ నొక్కే ఏర్పాటు అది. రాజులకు బేరాలు కుదరక, యుద్ధం వచ్చి ఆ సమాఖ్య పుట్టనే లేదు. పుట్టకపోవడమే మన అదృష్టం అంటాను నేను.

అప్పటి భారతదేశంలో దాదాపు నాలుగింట ఒక వంతు జనం సంస్థానాల్లోనే ఉండేవాళ్ళు. 1861 నుంచి 1935 దాకా ఏ చట్టమూ వాళ్ళను పౌరులుగా లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళ రాజులతోనే మాట్లాడింది. దీని ఫలితం 1947లో అనుభవించాం. ఆగస్టు 15న బ్రిటిష్ సార్వభౌమత్వం రద్దయిపోయింది. ఆ అధికారం జనానికి రావాలా, రాజుకు పోవాలా అని ఎవరూ తేల్చలేదు. నిజాం అది నాదే అన్నాడు. ఆ గట్టున కర్నూలులో మువ్వన్నెల జెండా ఎగిరితే, ఈ గట్టున జెండా ఎగరేస్తే జైలు. 1948 సెప్టెంబర్ 17 దాకా పదమూడు నెలలు రజాకార్ల హింస, సాయుధ పోరాటం, ఆఖరికి సైన్యం. పొలాలు, ఇళ్ళు, ప్రాణాలు ఎన్నో పోయాయి. ఈ నెత్తుటిలో కొంత బాధ్యత ఆ చట్టాలు రాసినవాళ్ళది కూడా. సంస్కరణ అంటూ సగం దేశానికి తలుపు తీసి, మిగతా గదుల తాళాలు రాజుల చేతిలోనే వదిలేశారు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాలు కలిసిపోయాయి. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. అందులో 1935 చట్టం ఆనవాళ్ళు చాలా ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు అక్కడి నుంచే వచ్చాయి. గవర్నర్ పదవి, ఆర్డినెన్సు అధికారం అక్కడివే. మద్రాసు రైతు ఓటును ఆరేళ్ళు పెట్టెలో పెట్టిన ఆ 93వ సెక్షన్‌కు తమ్ముడిలాంటిదే మన 356వ అధికరణ. అంబేద్కర్ ఈ విషయం దాచలేదు, పాత చట్టం నుంచి తీసుకున్నందుకు సిగ్గుపడను అని రాజ్యాంగ సభలోనే చెప్పారు. ఆ యంత్రంలో ఉపయోగపడే భాగాలు ఉన్నాయి. కానీ ఆయన, ఆయన సహచరులు మార్చింది యంత్రం తాళంచెవిని. నూటికి మూడు, తర్వాత నూటికి పధ్నాలుగు దాకా పాకుతూ వచ్చిన ఓటును ఒక్క గీతతో 21 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేశారు. చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు. దేశమంతా 17 కోట్లకు పైగా ఓటర్లు.

ఇక 1952. హైదరాబాద్ రాష్ట్రంలో మొదటి అసెంబ్లీ ఎన్నికలు. ఆ గట్టు జనానికి ముప్పై ఏళ్ళలో మెట్టు మెట్టుగా వచ్చింది ఈ గట్టు జనానికి ఒక్కసారే వచ్చింది. వనపర్తి నుంచి ఎవరు గెలిచారో తెలుసా? సురవరం ప్రతాపరెడ్డి గారు. సంస్థానం ఏలిన వనపర్తిలో, తరతరాలుగా అర్జీలు పట్టుకు తిరిగిన జనం, జీతగాళ్ళు, కూలీలు, ఆడవాళ్ళు వరుసలో నిలబడి ఓటేసి గోలకొండ పత్రిక సంపాదకుడిని అసెంబ్లీకి పంపారు. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశారు. ఇంకో విషయం. 1957లో వనపర్తి రాజా రామేశ్వరరావు గారు మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. మంచి పరిణామమే. కానీ తేడా చూడండి. పదేళ్ళ కిందట జనం అర్జీతో ఆ ఇంటి గడప దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు ఓటు కోసం జనం గడప దగ్గరికి వచ్చారు. రాజ్యాంగం అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే, ఎవరు ఎవరి గడప తొక్కాలి అనేది మారిపోవడం.

కాబట్టి "బ్రిటిష్ వాళ్ళే మనకు ప్రజాస్వామ్యం నేర్పారు" అని ఎవరైనా అంటే, 1939లో ఒక్కరినీ అడగకుండా యుద్ధంలోకి దింపిన సంగతి చెప్పండి. ఆలంపూర్ జనాన్ని 1935లో కూడా నిజాం ఖాతాలో రాసిన సంగతి చెప్పండి. "అదంతా నాటకం, ఏమీ రాలేదు" అని అంటే, స్త్రీల ఓటు తీర్మానం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, రైతు రుణ చట్టం చూపించండి. సభలో నిలబడి ప్రశ్న అడగడం, లెక్క చెప్పమనడం, ఓడిపోయి ఇంటికి వెళ్ళడం, మళ్ళీ గెలిచి రావడం... ఇవి అలవాటు కావడానికి కాలం పడుతుంది. ఆ గట్టు వాళ్ళకు ఆ అలవాటు అయింది. ఆ సాధన ఈ గట్టు మనకు దక్కలేదు. దాని ఖరీదు మనం వేరే రకంగా కట్టాం. అయితే ఆ సంస్కరణల్లో ప్రతి మెట్టూ ఉద్యమం వచ్చాకే, ఒత్తిడి పెరిగాకే వచ్చింది. కాబట్టి అది దానం కాదు, పాత బాకీలో కొంత.

2016 అక్టోబర్‌లో జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలయ్యాయి. మూడు కలెక్టరేట్లలోనూ సోమవారం ప్రజావాణి జరుగుతుంది. అక్కడ వరుసలో ఇప్పటికీ అర్జీలు పట్టుకున్న ముసలివాళ్ళు, పింఛను రాని ఆడవాళ్ళు, పాస్‌బుక్కులో పేరు తప్పు పడిన రైతులు కనిపిస్తారు. "ఏం మారింది మరి, మళ్ళీ అర్జీయే కదా?" అనొచ్చు. కాగితం అదే. ఇచ్చే చెయ్యి అది కాదు. ఆ చేతి వేలికి ఐదేళ్ళకోసారి సిరా చుక్క పడుతుంది. ఆ చుక్క ఉందన్న సంగతి అర్జీ తీసుకునేవాళ్ళకు గుర్తున్నంత కాలం అది బిచ్చం కాదు, హక్కు. గుర్తులేకపోతే గుర్తుచేయడం మన పని.

ఈసారి కర్నూలు వెళ్ళేటప్పుడు తుంగభద్ర బ్రిడ్జి మీద ఒక్కసారి కిందికి చూడండి.